ఎదుగని బిడ్డ యెముకలు

పోయిన యాసంగి ఋణముల దరఖాస్తులు తీసికొనుచుండిన దినములలో, శామీర్‌పేట వైపు గ్రామమునకు చెందిన సభ్యు లొకరు మా సంఘకార్యాలయమునకు వచ్చిరి. వారికి కావలసినది ఎరువుల ఋణము కాదు. తాము దాచుకొన్న పొదుపు సొమ్మును తిరిగి తీసికొనుటకై వచ్చితి మనిరి. చేతిలో యూరియా సంచి మడతలో భద్రముగా పెట్టిన ఎక్సురే పట మొకటి. వెంట వారి కుమార్తె. బాలికకు పదునొకండేండ్లు నిండిన వని తండ్రి చెప్పగా మాలో నెవ్వరును నమ్మలేకపోతిమి. చూచుట కైదేండ్ల పిల్ల. మేము తండ్రితో మాటాడుచుండగా ఆ బాలిక గోడమీద నంటించిన వడ్డీరేట్ల ప్రకటనను మొదటినుండి చివరవరకు తప్పు లేకుండ చదివి, "నాయినా, గడువు దాటితే మిత్తి ఎక్కువ పడుతదట" అని తండ్రికి బోధపరచినది. బుద్ధికి లోపము లేదు. శరీరము మాత్ర మైదారేండ్ల నాటి కొలతను విడిచి ముందునకు సాగలేదు.

నగరములోని వైద్యుడు పటమును చూచి, "మీ అమ్మాయి వయస్సు పదునొకండు, ఆమె యెముకల వయస్సు ఐదు" అని చెప్పి కంఠగ్రంథి లోప మని నిర్ణయించెనట. "ఎముకలకు వేరే వయ సుంటదా, సారూ?" అని ఆ తండ్రి మమ్మడిగెను. ఆనాడు మాకును సమాధానము తెలియదు. తరువాత వైద్యుల నడిగి, పుస్తకములు చూచి తెలిసికొన్నంత సభ్యుల కుపయోగపడునని యిచట వ్రాయుచున్నాము. అంతకుముందు నాలుగేండ్లలో ఆ కుటుంబము బలమునకు టానిక్కులు, ఎముకలకు సున్నపు మాత్రలు, పాలలో కలుపు పొడులు, ఒక తాయెత్తు – ఇన్నింటికి సొమ్ము పెట్టినది. తాయెత్తుకైన ఖర్చు స్వల్పము. డబ్బాలలోని పొడులకైనదే హెచ్చు.

కంఠగ్రంథి, అనగా థైరాయిడు, మెడ ముందుభాగమున గొంతుకగొట్టము నంటి సీతాకోకచిలుక రెక్కలు చాచినట్లుండును. పెద్దవారిలో దాని తూకము రెండు తులములకు మించదు. రక్తములోని అయోడిను అను ద్రవ్యమును అది యేరి పట్టుకొని, దానితో థైరాక్సిను అను రసమును తయారుచేసి మరల రక్తములోనికే విడుచును. ఒక్కొక్క థైరాక్సిను అణువులో నాలుగు అయోడిను పరమాణువు లుండును. దేహములోని ధాతువులు అందొకదానిని తీసివేసి, మూడు గల రూపమునకు మార్చి వాడుకొనును. మెదడు క్రింద నున్న పిట్యూటరీ అను మరియొక చిన్న గ్రంథి దీనిపై అధికారి. థైరాక్సిను తగ్గినదని తెలియగానే అది 'పని చేయుము' అని తాకీదు పంపును. గ్రంథి పని చేయలేనిచో తాకీదుపై తాకీదు వచ్చుచునే యుండును. ఈ తాకీదునకే వైద్యులు టి.ఎస్.హెచ్. అని పేరు పెట్టిరి. రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. మిక్కిలి హెచ్చుగా నున్న దనగా గ్రంథి చెడిన దని యర్థము చేసికొనవలెను గాని, గ్రంథి మిక్కిలి చురుకుగా నున్న దని కాదు. పరీక్షాపత్రమును చేత బట్టుకొని ఈ పొరపాటు పడువారిని మేము చూచితిమి.

మనుష్యునకు దినమునకు కావలసిన అయోడిను 150 మైక్రోగ్రాములు; గర్భవతికి 250. ఇది యెంత స్వల్పమన, డెబ్బదియేండ్ల జీవితమునకు మొత్తము ఒక చిన్న చెంచాడు చాలును. ఇంత స్వల్పవస్తువు లేకపోయిన నష్టమేమి యని రైతులు మాత్ర మడుగరాదు. ఎకరమునకు బస్తాల కొలది యూరియా వేసిన వరిమడి, జింకు లోపమున ఆకులపై తుప్పుమచ్చలు వచ్చి గిడసబారిపోవుటయు, ఎకరమునకు ఇరువది కిలోల జింకు సల్ఫేటు పడగానే తేరుకొనుటయు మన మెరిగినదే. అచట ఎంత యూరియా వేసినను జింకు లోటు తీరదు. ఇచటను అంతే. అయితే ఒక భేదము కలదు. దానిని ముందు చెప్పెదము.

ఇక నెముక సంగతి. తల్లిగర్భములో బిడ్డ యెముకలు మొదట ఎముకలుగా నుండవు. చెవిదొప్పవలె మెత్తగా వంగెడి మృదులాస్థితో చేసిన అచ్చులుగా నుండును. ఆ యచ్చు నడుమనుండి గట్టిపడుచు రెండు కొనలవైపు సాగును. కాలి యెముక, చేయి యెముకల కొనలయొద్ద ఒక మృదులాస్థి పలక మాత్రము బాల్యమంతయు గట్టిపడక మిగిలియుండును. పొడవు పెరుగునది ఆ పలకలోనే. అందలి కణములు నారుమడిలో వరుసలు తీర్చినట్లు నిలిచి, విభజన పొంది, ఉబ్బి, తరువాత సున్నము పట్టి, రక్తనాళములు చొచ్చుకొనివచ్చి యెముకగా మారును. కణములు వరుసగా నిలుచుటకును, ఉబ్బి పక్వమగుటకును థైరాక్సిను కావలెను. అది లేనిచో వరుసలు చెదరును, పలక పలుచబడును, మార్పు నిలిచిపోవును. పిట్యూటరీ విడుచు పెరుగుదల రసము సహితము తగ్గిపోవును గనుక దెబ్బ రెండు వైపులనుండి తగులును.

కావున ఈ వ్యాధిలో నెముకకు సున్నము కొరత లేదు. ఇటుకలు, సున్నము, ఇసుక వాకిట కుప్పగా నుండియు మేస్త్రి రాని యింటివలె పని యాగిపోయినది. మేస్త్రి రానిదే ఇంకొక బండి సున్నము తోలించిన ప్రయోజన మేమి? ఆ బాలిక కిచ్చిన సున్నపు మాత్ర లన్నియు ఇట్టి బండ్లే.

శామీర్‌పేట చెరువు గట్టున వానకాలము తోకకప్పలను చూడనివారుండరు. తోక పోయి, కాళ్లు వచ్చి, కప్ప యగుటయు ఈ రసము మహిమయే. 1912లో గూడర్‌నాట్ష్ అను శాస్త్రజ్ఞుడు తోకకప్పలకు గుఱ్ఱపు కంఠగ్రంథిని మేపగా అవి కాలమునకు ముందే ఈగంత కప్పలై పోయినవి. 1916లో అలెన్ అను నాతడు గ్రంథిని తీసివేయగా అవి తోకకప్పలుగానే పెద్దవైనవి. కప్పలు మాత్రము కాలేదు. పెరుగుట వేరు, పక్వమగుట వేరు అని దీనివలన తెలియుచున్నది. మన బాలిక తండ్రి యడిగిన ప్రశ్నకు సమాధానము నిదియే. ఎముకల వయస్సనగా ఎముక ఎంత పక్వమైన దను కొలత.

దానిని మణికట్టు ఎక్సురేలో చదువుదురు. బిడ్డ పుట్టినపుడు మణికట్టులోని చిన్నయెముక లెనిమిదియు మృదులాస్థియే, పటమున కానరావు. తొలి సంవత్సరములో రెండు కనబడును. తక్కినవి యేండ్లు గడచినకొలది ఒకటొకటిగా వచ్చును. ఏ వయస్సున ఏవి కనబడవలెనో పట్టికలు కలవు. పదునొకండేండ్ల పిల్ల పటములో ఐదేండ్ల పిల్లకు రావలసినవి మాత్రమే కనబడినచో ఆరేండ్ల బాకీ యున్నదని యర్థము. శిశువులలో మోకాలి పటము తీయుదురు. నెలలు నిండి పుట్టిన బిడ్డకు తొడయెముక క్రిందికొన యొద్ద చిన్న ఎముక గుళిక యొకటి యుండవలెను. అది లేనిచో తల్లికడుపులో నుండగనే లోపము మొదలైనదని వైద్యు లూహింతురు.

చికిత్స లేక యేండ్లు గడచిన పిల్లల దేహమున నీ లోపము ఆపాదమస్తకము జాడలు విడుచును. నడినెత్తి మాడు పూడదు. తల వెనుకనున్న చిన్నమాడు పుట్టినపుడే వెడల్పుగా నుండును. ముక్కుదూలము లేవక అణగియుండును. పండ్లు ఆలస్యముగా వచ్చును. పాలపండ్లు ఆలస్యముగా నూడును. మొండెము సాగినంత కాళ్లు సాగవు. పుట్టినబిడ్డకు నడుముపైభాగము క్రిందిభాగముకంటె చాల పొడవు. పదియేండ్లవాని కవి రెండును ఇంచుమించు సమానమగును. ఈ వ్యాధిగల పిల్లలలో పసిబిడ్డ కొలతయే నిలిచిపోవును. వెన్నెముకలో నడుము దగ్గరి పూస యొకటి ముందుభాగమున ఎదుగక ఆపుచీలవలె మొనదేలి, బిడ్డ కూర్చుండినపుడు వీపున చిన్న గూను కనబడును.

అన్నింటికంటె బాధాకరమైనది తుంటి. తొడయెముక తలకాయ గుండ్రని బంతివలె ఒకేముద్దగా గట్టిపడవలసినది, చిన్న చిన్న చుక్కలుగా, నూకలు చల్లినట్లు అక్కడక్కడ గట్టిపడును. బరువు మోయునపుడు అది అణగి చప్పిడియగును. కొందరు పిల్లలలో తలకాయ మృదులాస్థి పలకయొద్ద జారిపోవును. పిల్లవాడు కుంటును, ఒక్కొక్కప్పుడు తుంటి నొప్పి యనక మోకాలి నొప్పి యనును. మోకాలికి నూనె మర్దించుచు కాలము గడుపుదురు. తుంటి చెడిన పిమ్మట మాత్రలతో పొడవు కొంత తిరిగి రావచ్చును గాని చప్పిడియైన తలకాయ పూర్తిగా గుండ్రమగునని చెప్పజాలము.

పొట్టిగా నున్న ప్రతి బిడ్డకు నిదియే వ్యాధి యని భ్రమపడరాదు. మన ప్రాంతీయులకు ఎముకల వ్యాధి యనగానే నల్లగొండ జిల్లా ఫ్లోరైడు నీరు స్ఫురించును. ఎముకలపై ఫ్లోరైడు దెబ్బను మన దేశమున మొదట 1937లో నెల్లూరు ప్రాంతమున గుర్తించి ప్రకటించిరి. అందు ఎముక అతిగా గట్టిపడును, కీళ్లు బిగిసిపోవును, వెన్ను వంగదు. పండ్లపై గోధుమవన్నె చారలుండును. రికెట్స్ అను వ్యాధిలో సున్నము నిలువక యెముక మెత్తబడి కాళ్లు విల్లువలె వంగును. తిండి చాలని బిడ్డ మొదట బరువు తగ్గి, పిదప పొడవు తగ్గును, డొక్కలు కనబడును. కంఠగ్రంథి లోపముగల బిడ్డ కృశింపడు. పొడవు నిలిచిపోవును గాని బరువు తగ్గదు, ముఖము నిండుగా నుండును. తల్లిదండ్రులు పొట్టి యయినచో బిడ్డయు పొట్టి కావచ్చును. కాని యట్టి బిడ్డ ఏటేట తన కొలది తాను పెరుగుచునే యుండును. ఈ భేదము ముఖ్యము. ఎంత పొట్టి యన్నదికాదు, పెరుగుట నిలిచినదా లేదా యన్నది చూడవలెను.

ఇప్పు డింతకుముందు చెప్పెదమన్న భేదము. కంఠగ్రంథి లోపము ప్రధానముగా మూడు విధములుగా వచ్చును. నేలలోను నీటిలోను అయోడిను లేక, తల్లికిని బిడ్డకును అందక వచ్చునది యొకటి. గ్రంథియే పుట్టకపోవుటచేతనో, చోటు తప్పి చిన్నదిగా పుట్టుటచేతనో, పుట్టియు రసము చేయు శక్తి లేకపోవుటచేతనో పుట్టుకతో వచ్చునది రెండవది. మంచిగా నున్న గ్రంథిని దేహములోని రక్షణశక్తియే శత్రువని పొరబడి నాశనము చేయుట మూడవది; ఇది బడియీడు పిల్లలలో, అందును ఆడుపిల్లలలో హెచ్చు. మొదటిదానికి అయోడిను ఉప్పు మందు. తక్కిన రెంటికిని ఉప్పు పనిచేయదు. థైరాక్సిను మాత్రయే యియ్యవలెను. నాగలి లేని యింటికి విత్తనములు పంపిన నేమి లాభము? పైన చెప్పిన బాలికది మూడవ విధము. ఆమె కైదారేండ్ల వయస్సువరకు గ్రంథి పనిచేసినది. మెదడు నిర్మాణము ముఖ్యముగా తొలి మూడేండ్లలో జరుగును గావున చదువునకు భంగము రాలేదు. ఎముకలు మాత్రము నిలిచిపోయినవి.

మొదటి విధమును గూర్చి మన దేశమున జరిగిన పరిశోధనకు హైదరాబాదుతో సంబంధము కలదు. రాబర్ట్ మెకారిసన్ అను సైనికవైద్యుడు ఇరువదవ శతాబ్ది తొలియేండ్లలో గిల్గిత్, చిత్రాల్ లోయలలో గళగండమును, దానితోడనే వచ్చు మరుగుజ్జుతనము, మందబుద్ధి, చెవుడులను పరిశీలించి 1908లో ప్రకటించెను. ఒకే కాలువపై వరుసగా నున్న గ్రామములలో క్రిందికి పోయినకొలది గళగండము హెచ్చుచుండుట ఆతడు చూచెను. కాలువ చివరి రైతు కష్టము మన మెరిగినదే; అచట నీరు తగ్గుటయే కాక రోగమును పెరిగినది. నీటిలోని మాలిన్యమే కారణమని తలచి, ఆతడు తానే ఆ నీటి మడ్డిని త్రాగి పరీక్షించుకొనెను. అయోడిను కొరతయే మూలమని తరువాతి వారు స్థిరపరచిరి. అదే మెకారిసన్ 1918లో కూనూరులో ప్రారంభించిన చిన్న పరిశోధనశాలయే పెరిగి, 1950ల చివర హైదరాబాదునకు తరలివచ్చి, నేడు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. అయోడినును ఇనుమును రెంటిని కలిపిన ఉప్పును రూపొందించినవారు ఆ సంస్థవారే.

కూనూరులో పనిచేసిన వారిలో మన తెలుగువా డొకడు – శ్రీకాకుళమున 1921లో జన్మించి విశాఖపట్టణమున వైద్యము చదివిన వులిమిరి రామలింగస్వామి. ఆయనయు సహచరులును 1956లో హిమాలయపాదమున కాంగ్రా లోయలో సుమారు లక్షమంది జనమును మూడు మండలములుగా విభజించి, రెంట అయోడిను కలిపిన ఉప్పును, ఒకదాన మామూలు ఉప్పును పంపిణీ చేయించిరి. కొన్ని యేండ్లకే అయోడిను ఉప్పు తిన్న మండలములలో బడిపిల్లల గళగండములు స్పష్టముగా తగ్గినవి, రెండవచోట తగ్గలేదు. పిమ్మట ఆ మూడవ మండలమునకును మంచి ఉప్పే యిచ్చిరి. భారత ప్రభుత్వము 1962లో గళగండ నివారణ కార్యక్రమమును పెట్టుట కీ పరిశోధనయే ఆధారము. 1992లో దాని పేరు అయోడిను లోపవ్యాధుల నివారణ కార్యక్రమ మని మారినది. అయోడిను లేని ఉప్పును తినుటకై అమ్మరాదని 1997లో నిషేధించి, 2000లో ఆ నిషేధమును తొలగించి, 2006లో మరల విధించిరి. ఉత్పత్తి స్థానమున పదిలక్షల పాళ్లకు 30 పాళ్లు, కొనువాని చేతికి వచ్చునప్పటికి 15 పాళ్లకు తగ్గకుండ అయోడిను ఉండవలె నని చట్టము.

ఇది కొండప్రాంతముల వ్యాధి యనియు, మేడ్చలు చల్కానేలలకు దీనితో పని లేదనియు తలచువారు కలరు. దేశమున 325 జిల్లాలను పరీక్షింపగా 263 జిల్లాలలో ఈ లోప మున్నట్లు తేలినది. వానలకు పైమన్ను కొట్టుకొనిపోవు నే నేలలోనైనను అయోడిను నిలువదు. ఆ నేలలో పండిన ధాన్యమునను, కూరలోను, ఆ గడ్డి మేసిన పశువు పాలలోను అది తక్కువయే. ద్రాక్షతోటలున్నపుడును ఇంతే, తోటలు పోయి ఇండ్లస్థలములైనపుడును ఇంతే.

రెండవ విధము, అనగా పుట్టుకతో వచ్చునది, ఉప్పుతో నిమిత్తము లేక అన్ని యూళ్లలోను పుట్టుచున్నది. హైదరాబాదు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో 18,300 మంది శిశువుల రక్తమును పరీక్షించి 2004లో ప్రకటించిన ఫలితములలో 1,700 మందికి ఒకరి కీ లోపము కనబడినది. తరువాత భారత వైద్య పరిశోధన మండలి పలు నగరములలో లక్షకు పైబడిన శిశువులను పరీక్షింపగా ఇంచుమించు 1,130 మందికి ఒకరని తేలినది. దక్షిణ నగరములలో ఇంకను హెచ్చు. పాశ్చాత్యదేశములలో రెండు మూడువేల కొకరని లెక్క. వేయి కాన్పులు జరుగు ప్రాంతమున ఏటేటనో రెండేండ్ల కొకసారియో ఒక బిడ్డ యిట్లు పుట్టుచున్నా డన్నమాట. రసము చేయు శక్తి లేక వచ్చు రకము తల్లిదండ్రు లిరువురి బీజములలోను దాగియున్న దోషము కలియుటవలన వచ్చును. మేనరికములలో ఇట్టి కలయిక కవకాశ మెక్కువ. మేనమామకు పిల్ల నిచ్చుట మన యాచారమే గాని, అట్టి దంపతులు బిడ్డ పుట్టగానే పరీక్ష చేయించుటలో అశ్రద్ధ చూపరాదు.

ఈ బిడ్డ పుట్టినపుడు చూచుటకు చక్కగా నుండును. తల్లి రక్తమునుండి వచ్చిన రసము కొంత కాపాడుటయే కారణము. మోసమంతయు నిచటనే కలదు. బిడ్డ యేడువడు, ఎక్కువగా నిద్రించును, పాలకు లేపవలసివచ్చును. 'ఎంత బుద్ధిమంతుడో, తల్లిని బాధింపడు' అని యింట పెద్దలు మురియుదురు. పుట్టుపసరికలు రెండు మూడు వారములైనను పోవు. మలబద్ధము, చల్లని వరుకు చర్మము, బొంగురు గొంతు, లావైన నాలుక, బొడ్డు పొంగు – ఇవి యన్నియు నొక్క బిడ్డలోనే కనబడుననియు, వెంటనే కనబడుననియు నమ్మకము లేదు. ఇవి స్పష్టపడువరకు వేచియున్న నాటికి మెదడునకు నష్టము జరిగిపోవును. అందుచేతనే లక్షణములకై కాచుకొనక పుట్టిన రెండు మూడుదినములలో మడమనుండి నాలుగు రక్తపుచుక్కలు తీసి పరీక్షించు పద్ధతి 1974లో కెనడా దేశపు క్విబెకు రాష్ట్రమున జాన్ డుస్సాల్ట్ ప్రారంభించెను. అనేక దేశములలో నేడు పుట్టిన ప్రతి బిడ్డకు నిది జరుగుచున్నది. మన యాసుపత్రులలో అన్నిచోట్ల అడుగకుండ చేయుదురని నమ్మరాదు. కావున కాన్పునకు పోవునపుడే 'బిడ్డకు థైరాయిడు పరీక్ష చేయింపుడు' అని అడిగి, ఫలితము కాగితముపై వ్రాయించుకొని, తల్లీబిడ్డలను ఇంటికి తెచ్చుకొనవలెను. తల్లికి గర్భముతో నుండగా చేసిన థైరాయిడు పరీక్ష బిడ్డ పరీక్షకు బదులు కాదు.

లోపము తేలినచో రెండువారములలోపల మాత్ర ప్రారంభింపవలెను. అట్లు ప్రారంభించిన పిల్లలు తోడిపిల్లలతో సమానముగా చదివి, సమానముగా నెదుగుదురు. మూడు నెలలు దాటినకొలది బుద్ధి నష్టము తిరిగి రాదు. ఎముక కొంత క్షమించును, మెదడు క్షమింపదు అని ఒక వైద్యుడు మాతో ననెను. మాత్ర మోతాదు మొదట బిడ్డ బరువున కిలో ఒక్కింటికి దినమునకు 10 నుండి 15 మైక్రోగ్రాములు. అది వైద్యుడే నిర్ణయింపవలెను. మాత్రను చెంచాలో నలిపి రెండు మూడు చుక్కల చనుబాలతోనో కాచి చల్లార్చిన నీటితోనో పట్టవలెను. సీసాపాలలో కలుపరాదు, బిడ్డ పాలు విడిచినచో మందును విడిచినట్లే. ఇనుపమందు, సున్నపుమందు, సోయాపాలు మాత్రను దేహమునకు పట్టనీయవు గనుక వానికిని దీనికిని కొన్ని గంటల యెడ ముండవలెను. డబ్బాను ఎండ తగులు కిటికీలోను పొయ్యి పక్కను పెట్టరాదు. బిడ్డ బాగుపడినా డని మాత్ర మానుట అన్నింటికంటె పెద్ద పొరపాటు. కొందరి లోపము తాత్కాలికమే. మూడేండ్లు నిండిన పిమ్మట వైద్యుడు నెలదినములు ఆపి మరల రక్తము పరీక్షించి చూచును. ఆ నిర్ణయ మాతనిది. ఇతర మందులతో పోల్చిన నీ మాత్ర చాల చౌక. దినమునకు కొలది రూపాయలే.

బడియీడు పిల్లల విషయమున ఇంటనే చేయదగిన పరీక్ష యొకటి కలదు. ప్రతి ఉగాదినాడు మామిడితోరణము కట్టునపుడే పిల్లలను ద్వారబంధమున కానించి నిలువబెట్టి, తలమీద అట్ట నుంచి, గీత గీసి సంవత్సరము వ్రాయవలెను. నాలుగైదేండ్లు మొదలు ఈడు వచ్చువరకు పిల్లలు ఏటేట రెండంగుళముల పైచిలుకు పెరుగుదురు. ఏడాదికి ఒకటిన్నర యంగుళమైనను పెరుగని పిల్లను వైద్యునికి చూపవలెను. పోయిన యేటి గౌను ఈ యేడును సరిపోవుట కొందరు తల్లులకు సంతోషకరముగా నుండును. అది సంతోషింపవలసిన విషయము కాదు. దీనికితోడు చలి కోర్వలేకపోవుట, మలబద్ధము, బద్ధకము, పొడిచర్మము, మెడపై ఉబ్బు కనబడినచో ఆలస్యము చేయరాదు. అంగన్‌వాడీలో ఐదేండ్లలోపు పిల్లలకు పొడవు కొలుచుచున్నారు. ఆ కార్డును పారవేయక బడికి పోవు వయస్సునను దాచియుంచుట మంచిది.

ఉప్పును గూర్చి రెండు మాటలు. కల్లుప్పును కడిగి ఎండబెట్టి వాడు అలవాటు మన యిండ్లలో కలదు; కడిగిన నీటితో అయోడినును పోవును. పొయ్యి పక్క మూతలేని కుండలో నున్న ఉప్పునుండి వేడికి, చెమ్మకు కొంత పోవును. మూతగల జాడీలో పొయ్యికి దూరముగా పెట్టి, కూర దించబోవునపుడు ఉప్పు వేయుట మేలు. ఆవకాయకు కల్లుప్పే కావలెనను గృహిణులతో మేము వాదింపము. అయోడిను గల కల్లుప్పు కూడ దొరకుచున్నది. పశువులకును అయోడిను కావలెను. చూలుతో నున్న మేకకు, ఆవునకు అది తక్కువైనచో పిల్లలు మెడవాచి, వెండ్రుకలు లేక, చచ్చి పుట్టును. ఖనిజలవణ మిశ్రమము కొనువారు అందు అయోడిను ఉన్నదో లేదో సంచిపై చూచి కొనవలెను.

సంఘ దుకాణమునకు ఉప్పును పరీక్షించు చుక్కమందు సీసా తెప్పించితిమి. చిటికెడు ఉప్పుపై ఒక చుక్క వేయగా నీలివన్నె వచ్చినచో అయోడి నున్నట్లు. తెల్లగానే యుండినచో లేనట్లు. సభ్యులు తమ యింటి ఉప్పును పొట్లము కట్టి తెచ్చినచో ఎదుటనే పరీక్షించి చూపుదుము. మొదటి వారము వచ్చిన పదునేడు పొట్లములలో మూడు తెల్లగానే యుండినవి. ఆ మూడును బండిమీద వచ్చి యమ్మిన విడి ఉప్పు.

ఆ బాలిక మాత్రలు మొదలుపెట్టి ఏడాది దాటినది. మొదటి నెలలలో జుట్టు కొంత రాలగా తల్లి భయపడి మాత్ర మాన్పింపబోయినది. వైద్యుడు వలదని చెప్పెను. నాలు గంగుళములు పెరిగినది. పోయిన యేండ్ల బాకీ యంతయు తీరదనియు, ఈడు వచ్చి యెముకల కొనలు మూసికొనులోపల రాగలిగినంతయే వచ్చుననియు తండ్రికి చెప్పియున్నారు. వేగముగా పెరుగుకాలమున తుంటి జారుట కవకాశ మున్నది గనుక కుంటు కనబడిన తక్షణమే తీసికొని రావలె నని కూడ చెప్పిరి. సంక్రాంతికి ముందు ఆమె కార్యాలయమునకు వచ్చినపుడు, వడ్డీరేట్ల ప్రకటన ప్రక్కన మేము గోడపై గీయించిన కొలబద్దకు వీపు నానించి నిలిచి, "ఇప్పుడెంత, సారూ?" అని యడిగినది. మూడడుగుల పదునొకం డంగుళములు. తేదీ వేసి వ్రాసియుంచితిమి.